చీమలు వదిలేసిన మాటలు

ఈ సంగతి మొదట వినిపించింది తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్ళే షేర్ ఆటోలో. చెప్పినవాడు ఏబెల్ అనే మిరపకోత మేస్త్రీ. ముగ్గురు కూర్చోవలసిన వెనక సీటులో ఐదుగురు ఇరుక్కుని ఉండగా, ఒడిలో విత్తనాల సంచి పెట్టుకుని, దారిపొడుగునా చెప్పాడు. అతని మాటల్లో కోపం ఎక్కువ, వరుస తక్కువ. కొన్ని వారాల తర్వాత అదే సంగతిని నెట్ సెంటర్ యజమాని జోజిబాబు, ఎవరూ అడగకుండానే, తన తప్పేమీ లేదన్న ధోరణిలో చెప్పాడు. ఆఖరున వీరరాఘవయ్యగారే స్వయంగా చెప్పారు. ఆయన చెప్పిన తీరు మిగిలిన ఇద్దరు చెప్పినదానికన్నా ఆయనకే ఎక్కువ అప్రతిష్ఠ తెచ్చేదిగా ఉంది. అందువల్ల ముగ్గురి మాటలూ కలవని చోటల్లా ఆయన మాటనే నమ్మడం జరిగింది.

వీరరాఘవయ్యగారు ముప్పై మూడేళ్ళు ఇంటర్ విద్యార్థులకు ఇంగ్లీషు బోధించి రిటైరైన లెక్చరర్. డెబ్బై రెండో ఏట కూడా ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులో రెండు చేతిరుమాళ్ళు. ఒకటి ముఖానికి, రెండోది లోకానికి. ఏడాది పొడుగునా ఇల్లు కదలని ఆయన, పిల్లలు పై చదువుల దరఖాస్తులు నింపుకునే మే, జూన్ నెలల్లో మాత్రం ఉదయం పదింటికల్లా బస్టాండు ఎదురు సందులోని జోజిబాబు నెట్ సెంటర్‌కు వచ్చేవారు. దరఖాస్తుల్లో ఇంగ్లీషు దిద్దడం ఆయన పని. ప్రతిఫలం పుచ్చుకునేవారు కాదు. తన కోసం వేరుగా ఉంచిన ప్లాస్టిక్ కుర్చీ, పదకొండింటికి ఒక కాఫీ, గడప దాటిన ప్రతివాడూ "నమస్కారం మాస్టారూ" అనడం, ఇంతే ఆయనకు కావలసింది.

రెండో చేతిరుమాలుతో కుర్చీ తుడుచుకుని గాని కూర్చునేవారు కాదు. ఆ సందంటే ఆయనకు రోత. రెడ్డిగూడెం తోటల నుంచి వచ్చే మామిడికాయల బళ్ళు అక్కడ ఆగి, కుళ్ళిన కాయలను మురుగుకాలవలో పారబోసి పోయేవి. ఈగలు కాలవ మీద నుంచి లేచి నేరుగా కాఫీ గ్లాసు అంచు మీద వాలేవి. మెట్ల మూల గుట్కా ఉమ్మితో ఎర్రబారి ఉండేది. లోపల జోజిబాబు బొటనవేలు నాలుక మీద అద్దుకుని సర్టిఫికెట్లు ఒక్కొక్కటిగా తిప్పేవాడు. ఎవరి పదేళ్ళ చదువు మీదనో అతని ఎంగిలి తడి మెరుస్తుంటే వీరరాఘవయ్యగారు ముఖం పక్కకు తిప్పుకునేవారు.

గోడమీద కరెంటు మీటరు బోర్డు కింద ఒక కన్నం ఉండేది. అందులోంచి ఎర్రచీమలు వచ్చేవి. రాతలో అబద్ధం ఉంటే చీమలు పడతాయన్నది తిరువూరులో చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయమే. ఒక్కో చీమ ఒక్కో అక్షరాన్ని నోట కరుచుకుని, వరుస తప్పకుండా గోడ ఎక్కి కన్నంలోకి తీసుకుపోతుంది. అబద్ధం ఉన్నంత మేరా కాగితం తెల్లబడుతుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఆదాయం సర్టిఫికెట్లను బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించేవారు. పెళ్ళి సంబంధాల బయోడేటాలకు లామినేషన్ చేయించేవారు. జోజిబాబు తన ప్రింటరు చుట్టూ, స్కానరు చుట్టూ చీమల చాక్‌పీసుతో తెల్లటి గీత గీసి ఉంచేవాడు. గీత లోపలున్న కాగితం జోలికి చీమ వచ్చేది కాదు. స్కాన్ అయి కంప్యూటర్లోకి వెళ్ళిపోతే ఇక దిగులే లేదు.

ఆ గీత లోపల నుంచి ఏటా బయటికి వెళ్ళే లేఖ ఒకటి ఉంది. పెద్ద విశ్వవిద్యాలయాలు కొన్ని ప్రవేశపరీక్ష మార్కులతో ఊరుకోవు. 'ఈ చదువు నీకు ఎందుకు కావాలి' అని ఒక పేజీ రాసి, సంతకం చేసి పంపమంటాయి. పదమూడేళ్ళ కిందట నెమలి గ్రామంలోని గుడి అర్చకుల అమ్మాయి సుధామయి కోసం వీరరాఘవయ్యగారు అటువంటి లేఖ ఒకటి ఇంగ్లీషులో రాసి ఇచ్చారు. ఊహ తెలిసిన నాటి నుంచీ జ్ఞానదీపం తనను పిలుస్తున్నదనీ, దేశసేవలో తన జీవితం సమిధ కావాలన్నదే తన స్వప్నమనీ అందులో ఉంది. సుధామయికి సీటు వచ్చింది. జోజిబాబు తాను టైపు చేసిన ఆ లేఖను కంప్యూటర్లో దాచుకున్నాడు. ఆనాటి నుంచి ఎవరు వచ్చినా పేరు మార్చి, ప్రింటు తీసి ఇచ్చేవాడు. నర్సింగుకు వెళ్ళేవాడికీ జ్ఞానదీపమే, చేపల పెంపకం చదివేవాడికీ జ్ఞానదీపమే.

మొదటి రెండేళ్ళు ఆయన లోలోపల గర్వపడ్డారు. తర్వాత ఆ వాక్యాలు ప్రింటరులోంచి బయటికి వస్తుంటే గుమ్మం వైపు తిరిగి కూర్చునేవారు. తాను తిన్న విస్తరిలోనే వరసగా నూట నలభై మందికి వడ్డిస్తున్నట్టు ఉండేది. అయినా కుర్చీ మానలేదు.

రెండేళ్ళ కిందటి జూన్‌లో ఒకనాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఏబెల్ తన కూతురు వినీలను వెంటబెట్టుకుని వచ్చాడు. సర్టిఫికెట్లన్నీ ఒక చీరల షాపు కవరులో, కవరు చంకలో. వాళ్ళ వెనకనే అనిల్ కుమార్ కూడా లోపలికి వచ్చాడు. ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీకి పిల్లలను చేర్పించే ఉద్యోగం అతనిది. వేసవి అంతా ఆ సందులోనే ఉండి, ఏ తండ్రి చేతిలో ఏ కవరు ఉన్నదో కనిపెట్టేవాడు.

"అన్నా, మళ్ళీ చెప్తున్నా విను," అన్నాడు అనిల్ కుమార్. "భాషాశాస్త్రం ఏంటన్నా? తెలుగు మాట్లాడ్డం మనకి రాదా? మా కాలేజీలో కంప్యూటర్ సైన్సు. బస్సు మీ ఇంటిముందే ఆగుద్ది."

"మా ఇంటిముందు ట్రాక్టరే తిరగదు. నీ బస్సు ఎట్టా ఆగుద్దయ్యా?" అన్నాడు ఏబెల్.

"ఆపిస్తా. ఒరిజినల్స్ ఇటివ్వు, మిగతాది నేను చూసుకుంటా."

"ఐదింటిదాకా ఆగమన్నాను. మా పిల్ల దరఖాస్తు వెళ్ళిపోతే సరి. లేదంటే కవరు నీదే. మాట మాటే."

విషయం ఇదీ. రైల్లో ఒకటిన్నర రోజు ప్రయాణమంత దూరంలోని ఒక కేంద్ర విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రంలో ఐదేళ్ళ కోర్సుకు వినీల ప్రవేశపరీక్ష రాసింది. పాత ప్రశ్నపత్రాలు ఫోనులో దింపుకుని, మిరప కళ్ళంలో కాపలా కూర్చుని సాధన చేసింది. పాసైంది. ఇక సర్టిఫికెట్లూ, ఆ ఒక పేజీ లేఖా పంపితే ఇంటర్వ్యూకు పిలుస్తారు. గడువు ఆ సాయంత్రం ఐదు గంటలు. అది దాటితే కవరు అనిల్ కుమార్ చేతికి వెళ్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒకసారి ఆ కాలేజీ బీరువాలోకి వెళ్ళాయంటే నాలుగేళ్ళదాకా బయటికి రావని తిరువూరులో అందరికీ తెలుసు. వినీలకు ఇంకా బాగా తెలుసు. ఆమె అక్క వరసైన పిల్లవి అక్కడే ఉన్నాయి.

జోజిబాబు సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి, "లెటరుకేం కంగారు లేదు. రెడీగా ఉంది. పేరు కొట్టడమే," అని వేలు తడుపుకున్నాడు.

ప్రింటరు గరగరలాడింది. జ్ఞానదీపం మళ్ళీ బయటికి వస్తోంది. వీరరాఘవయ్యగారు ప్రింటరు వైపు చెయ్యి చాచారు.

"ఆపవయ్యా ఆ ఎంగిలి!" అన్నారాయన. సెంటర్లో ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి. "ఈ అమ్మాయికి నేను కొత్తగా రాస్తాను. ఇటు కూర్చో అమ్మాయ్. నీ పేరు?"

"వినీల సార్."

"ఊరు? మార్కులు? తండ్రిగారి వృత్తి?"

ఆమె చెప్పింది. చెప్పి, సంచిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు ఒకటి తీసింది. "సార్, నేను ఇందులో కొన్ని..."

"అవన్నీ తర్వాత చూద్దాం. ముందు నన్ను రాయనీ."

ఆయన రెండు గంటలసేపు రాశారు. పదకొండేళ్ళుగా చేతిలో బిగుసుకుపోయిన ఇంగ్లీషంతా ఆనాడు కదిలింది. ప్రతి వాక్యానికీ ఒక నడక, ప్రతి పేరాకూ ఒక ముగింపు. టైపు చేయించి, ప్రింటు తీయించి, కాగితం వేలి కొసలతో పట్టుకుని తనివితీరా చూసుకున్నారు.

"ఏం రాశారో మాక్కూడా కాస్త తెలుగులో చెప్పండి మాస్టారూ," అన్నాడు ఏబెల్.

వీరరాఘవయ్యగారు గొంతు సవరించుకుని, సభలో చదివినట్టు చెప్పారు. "కన్నీటికీ చెమటకూ పుట్టిన బిడ్డను నేను. ఆకలి కడుపుతో, చినిగిన బట్టలతో, చమురు దీపం వెలుగులో అక్షరాలు దిద్దుకున్నాను..."

ఏబెల్ ముఖం ఎర్రబడింది. "చమురు దీపం ఎవరింట్లోనండి? మాకు నేను పుట్టకముందు నుంచీ కరెంటుంది."

"అది ఒక పద్ధతయ్యా. చదివేవారి గుండె కరగాలి."

"ఆకలి కడుపేంటండి మరి? వాళ్ళమ్మ రూత్ ఈ మాట వింటే క్యారేజీ కట్టుకుని మీ ఇంటికే వస్తది. మీకు పెట్టి, మీరు తిన్నాక అప్పుడు అడుగుద్ది, పిల్లని ఏనాడు పస్తుంచానని. చినిగిన బట్టలంట! మొన్న పండక్కి కుట్టించిన డ్రస్సు వేసుకునే కూర్చుందిగా మీ ఎదురుగా!"

అనిల్ కుమార్ కిసుక్కున నవ్వాడు. వినీల తల వంచుకుంది. కుట్టించిన డ్రస్సు అంచు వేళ్ళతో నలిపింది.

"సర్లెండి, గీత లోపల పెట్టండి మాస్టారూ. స్కాన్ కొట్టేస్తా," అన్నాడు జోజిబాబు.

ఆ మాట ఆయనను కుర్చీలోంచి లేపింది. "గీతా? నా కాగితానికి గీత ఎందుకయ్యా? గీతలు దొంగ కాగితాలకు!" కాగితాన్ని తెచ్చి, అందరూ చూస్తుండగా, గీతకు జానెడు ఇవతల బల్ల మీద పెట్టారు. "అమ్మాయి సంతకం చేస్తుంది. ఈలోగా నేను కాఫీ తాగుతాను."

కాఫీ సగమైనా కాలేదు.

మొదటి చీమ ఆకలిని పట్టుకుంది. రెండోది చమురును. తర్వాత లెక్క లేదు. కన్నంలోంచి కారుతున్నట్టుగా చీమలు వచ్చి కాగితాన్ని కప్పేశాయి. ఒక్కో అక్షరం లేచి, నల్లగా, కాళ్ళు వచ్చినట్టు, గోడ ఎక్కుతోంది. మంచి మంచి విశేషణాలకు నాలుగేసి చీమలు పట్టాయి. అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి పాకుతుంటే, మురుగుకాలవలోని మామిడిటెంక మీద ఈగల ముసురు లాగే ఉంది. ఎవరూ కేక వేయలేదు. జోజిబాబు "నేను చెప్పానా" అన్నట్టు చాక్‌పీసు చూసుకున్నాడు. అనిల్ కుమార్ ఫోనులో టైము చూసుకున్నాడు. రెండున్నర.

చీమలు వెళ్ళిపోయాక కాగితం మీద నాలుగు మాటలు మిగిలాయి. వినీల. ఏబెల్. ఊరి పేరు. ఆనాటి తేదీ.

చివరి చీమలు కొన్ని బల్ల దిగకుండా వీరరాఘవయ్యగారి కుడిచేతి మీదికి ఎక్కాయి. కలం పట్టిన రెండు వేళ్ళ చుట్టూ తిరిగాయి. కుట్టలేదు, వాసన చూస్తున్నట్టు మీసాలు ఆడించాయి. ఆయన విదిలించుకుని, వెనకనున్న కొళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో కడుక్కున్నారు. మళ్ళీ కడుక్కున్నారు. ఇన్నేళ్ళుగా ఇతరుల వేళ్ళను, ఇతరుల ఎంగిలిని చూసి ముఖం తిప్పుకున్న మనిషికి ఆ పూట తిప్పుకోవడానికి పక్క దొరకలేదు. సుధామయి లేఖ గుర్తొచ్చింది. దాన్ని ఆనాడు బల్ల మీద పెట్టలేదు. రాసిన చేత్తోనే కవరులో పెట్టి జిగురు అంటించేశారు. ఎందుకంత తొందరపడ్డారో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

తిరిగి వచ్చేసరికి వినీల ఆ తెల్లకాగితాన్ని చూస్తూ కూర్చుని ఉంది. ఏబెల్ కవరు చంకలోంచి తీసి చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మా," అన్నారు వీరరాఘవయ్యగారు. అంతవరకూ వాడిన 'అమ్మాయ్' పోయింది. "ఇందాక నోటుబుక్కు ఏదో తీశావు. ఏమిటది?"

ఆమె ఒక్క క్షణం అనుమానించి, తెరిచింది. ఎడమ పక్క తెలుగు మాటలు, కుడి పక్క ఏవో వేరే మాటలు, తెలుగు లిపిలోనే.

"గోండీ సార్. మిరప కోతకి ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తారు కదా, వాళ్ళ భాష. నాన్న మేస్త్రీ గనక వాళ్ళు మా కళ్ళం పక్కనే గుడిసెలేసుకుంటారు. ముందటేడు ఒకామెకి జ్వరమొస్తే నర్సమ్మ బిళ్ళలిచ్చింది. రోజుకి రెండు చొప్పున మూడు రోజులు వేసుకోమని ఎవరికీ చెప్పడం రాలేదు. ఆమె ఆరూ ఒకేసారి మింగేసింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది."

"మీ అమ్మే పక్కనుంది ఆమెకి," అన్నాడు ఏబెల్ కవరు చూస్తూ.

"ఆమె లేచి వచ్చాక నేను వేళ్ళు చూపించి అడిగాను సార్. రెండుకి రండ్ అంట. మూడుకి మూండ్ అంట. మన మాటకి ఇంత దగ్గర. పదేళ్ళ నుంచి వస్తున్నారు, ఒక్కళ్ళం కూడా అడగలేదు. నాకు మా మీదే అసహ్యమేసింది. అప్పటి నుంచి రాస్తున్నా. నొప్పి, వాంతి, నీళ్ళు, రేపు, చాలు... మూడొందల పన్నెండు మాటలు."

వినీల నోటుబుక్కును ఆయన ముందుకు జరిపింది.

"ఇదే రాద్దామనుకున్నా సార్. కానీ ఇంగ్లీషులో ఇంత రాయడం నాకు రాదు." ఆగి, అడిగింది. "ఇంగ్లీషులోనే రాయాలని ఎక్కడుంది సార్?"

వీరరాఘవయ్యగారు జోజిబాబు వైపు చూశారు. జోజిబాబు ఆయన వైపు చూశాడు.

"ఆ వివరాల పుస్తకం ఏదయ్యా? యూనివర్సిటీ వాళ్ళు పెట్టేది?"

"అది అరవై నాలుగు పేజీలు మాస్టారూ. దాన్ని ఎవరు చదువుతారు? అప్లై బటన్ ఎక్కడుందో తెలిస్తే చాలదా? అయినా ఇంగ్లీషు అని మీరే కదా..."

మీరే కదా. చదవమని మూడు దశాబ్దాలు పిల్లలకు చెప్పిన మనిషి, పదకొండేళ్ళలో ఒక్కసారి ఆ పుస్తకం తెరవలేదు. లేఖ అంటే ఇంగ్లీషు, ఇంగ్లీషు అంటే తాను. ఇంకేం చదవాలి?

తెరమీద పుస్తకం తెరిపించారు. మొదటి పేజీ నుంచీ, ఒక్క పంక్తి విడవకుండా, పైకి చదువుతూ వచ్చారు. మూడు దాటింది. సర్టిఫికెట్ల కొలతలు, హాస్టల్ నియమాలు, స్కాలర్‌షిప్పులు. నలభై ఒకటో పేజీలో, కింద నుంచి మూడో పంక్తిలో ఉంది. లేఖను ఆంగ్లంలో గాని, అభ్యర్థి మాతృభాషలో గాని స్వహస్తాలతో రాయవచ్చు.

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. ఆ పంక్తి ఏటా అక్కడే ఉండి ఉండాలి. నూట నలభై మంది పిల్లలు తమ నోటిలో మాట తాము మింగేసి, తన ఎంగిలి పట్టుకుని వెళ్ళారు.

"రాయమ్మా," అన్నారు. "నేను ఒక్క మాట చెప్పను."

వినీల రాసింది. ఆయన కుర్చీ వదిలి గుమ్మంలో నిలబడ్డారు. మధ్యలో ఒకసారి ఆమె తల ఎత్తి, "సార్, 'ఉచ్చారణ'కి వత్తు ఎక్కడొస్తుంది?" అని అడిగింది. ఆయన చెప్పారు. ఆ రోజు ఆయన చేసిన దిద్దుబాటు అదొక్కటే. నాలుగుంబావుకు ముగించింది. బిళ్ళలు మింగిన ఆమె పేరుతో మొదలైంది ఆ లేఖ. చివరి పేరా ఇలా ఉంది: 'ఈ మాటలు ఏ వరుసలో నడుస్తాయో, మన మాటలకు ఎందుకు ఇంత దగ్గరగా ఉన్నాయో నాకు తెలియదు. తెలుసుకుంటే మా ఊళ్ళో ఇంకొకరు బిళ్ళలన్నీ ఒకేసారి మింగకుండా చెప్పగలను. అంత దూరం రావడానికి నాకు భయం లేదు.'

జోజిబాబు చెయ్యి చాచాడు. "ఇటివ్వు, గీత లోపల..."

వినీల ఇవ్వలేదు. కాగితాన్ని గీతకు ఇవతల, ఇందాక ఆయన పెట్టిన చోటే పెట్టింది.

"నీకేమైనా పిచ్చా? ముప్పావుగంటే ఉంది ఇంకా!" అన్నాడు ఏబెల్.

"ఉండు నాన్నా."

చీమలు వచ్చాయి. కాగితం అంచున ఆగాయి. పైనుంచి కిందికి పంక్తుల మధ్య ఖాళీలో నడిచాయి, పొలంలో గట్ల మీద నడిచినట్టు. చివరి పంక్తి దగ్గర కాసేపు గుమిగూడి, ఒకే ఒక్క మాటను ఎత్తుకుని గోడ ఎక్కాయి.

లేదు అన్న మాట పోయింది. అంత దూరం రావడానికి నాకు భయం. అంతవరకే మిగిలింది.

ఏబెల్ కూతురి ముఖం చూశాడు. "భయమైతే చెప్పొచ్చుగా అమ్మా ఇంట్లో," అన్నాడు, గొంతు తగ్గించి.

వినీల కలం తీసుకుంది. పోయిన మాట ఉన్నచోటు ఖాళీగానే వదిలేసి, దాని పక్కన రెండు మాటలు రాసింది. 'అయినా వస్తాను.' సంతకం చేసి, చీమలకు చూపిస్తున్నట్టు ఒక నిమిషం అలాగే ఉంచింది. ఒక్క చీమ కూడా దిగలేదు.

స్కాన్ అయింది. సర్వర్ మూడుసార్లు తిరగబడింది. మూడోసారి జోజిబాబు బొటనవేలు తడుపుకోబోతే వీరరాఘవయ్యగారు తన మొదటి చేతిరుమాలు, ముఖం తుడుచుకునేది, అతనికి అందించారు. నాలుగూ యాభై రెండుకు దరఖాస్తు చేరినట్టు తెరమీద ఆకుపచ్చ గుర్తు పడింది.

"అన్నా, మాటిచ్చావు మరి," అన్నాడు అనిల్ కుమార్.

"ఇచ్చాను. ఐదింటిదాకా అన్నాను. గోడమీద గడియారం ఉంది, చదవడం రాదా?" అని ఏబెల్ కవరు మడిచి చొక్కా లోపలికి దోపుకున్నాడు.

అందరూ వెళ్ళాక వీరరాఘవయ్యగారు, కంప్యూటర్లోని తన పాత లేఖను తీసేయమని జోజిబాబును అడిగారు.

"ఎట్టా మాస్టారూ? సీజన్ మధ్యలో!" అన్నాడతను.

ఆయన రెండో చేతిరుమాలు కొళాయి కింద తడిపి తెచ్చి, ప్రింటరు చుట్టూ, స్కానరు చుట్టూ, నడుం వంచి, తెల్లగీతను మూలమూలలా తుడిచేశారు. ఆ రుమాలును మురుగుకాలవలో వదిలేసి ఇంటికి నడిచారు.

తర్వాత ఎవరెవరికి ఏమైందీ చెప్పవలసి ఉంది.

అనిల్ కుమార్ ఆ కాలేజీ మాని వేరే కాలేజీలో చేరాడు. సందు అదే, మాటలు అవే.

జోజిబాబు మర్నాడే కొత్త చాక్‌పీసు కొన్నాడు గాని, తడిపి తుడిచిన చోట గీత సరిగా పడలేదు. ఆ సీజనులో జ్ఞానదీపాలు పదిహేడు ప్రింటరు ట్రేలోనే తెల్లబడ్డాయి. ఇప్పుడు మేడమీద అద్దాల గదిలో వీసా ఫోటోలు తీస్తున్నాడు. అందులో అక్షరాలు తక్కువ.

సుధామయి ఇప్పుడు వేరే జిల్లాలో పాఠాలు చెబుతోంది. వీరరాఘవయ్యగారు ఆమెకు క్షమాపణగా ఉత్తరం రాస్తే, జవాబు రాసింది. ఇంటర్వ్యూలో ఆ లేఖలోని మొదటి వాక్యానికి అర్థం అడిగారట. చెప్పలేక ఏడ్చిందట. సీటు మార్కులకు వచ్చిందే గాని లేఖకు కాదట. ఈ మాట పదకొండేళ్ళు ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదట.

ఏబెల్, రూత్ ఊళ్ళోనే ఉన్నారు. మిరప కోతల్లో వాళ్ళ కళ్ళం గోడమీద, బొగ్గుతో, వినీల నోటుబుక్కులోని మాటలు రాసి ఉంటాయి. నర్సమ్మ వచ్చి చూసి రాసుకుని పోతుంది.

వినీలకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అక్కడి పెద్దలు లేఖ చివరనున్న ఖాళీ చూసి అదేమిటని అడిగారట. చీమలండి, అని జరిగింది జరిగినట్టు చెప్పిందట. అక్కడివాళ్ళు తలలు ఊపి, మూడొందల పన్నెండు మాటల గురించి గంటసేపు అడిగారట. ఇప్పుడు మూడో సంవత్సరంలోకి వస్తోంది. మాటలు రెండు వేలు దాటాయి. రైలెక్కిన ప్రతిసారీ భయమేస్తుందనీ, అయినా ఎక్కుతుందనీ ఏబెల్ ఆటోలో చెప్పాడు.

ఇక వీరరాఘవయ్యగారు. ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి భార్య హనుమాయమ్మగారు హాలులో గోడకేసి చూస్తూ నిలబడి ఉన్నారు. రిటైరైన నాడు ఇచ్చిన సన్మానపత్రం అక్కడ ఫ్రేములో ఉండేది. విద్యాదాత, ఆదర్శమూర్తి, ఎందరి దరఖాస్తులనో ఓపికగా చదివి దారి చూపినవారు, ఇత్యాదిగా నలభై పంక్తులు. అద్దం లోపలంతా తెల్లగా ఉంది. ఆయన పేరు, తేదీ, శాలువా అనే మాట మాత్రం మిగిలాయి.

"ఫ్రేము తీసేయమంటారా?" అని అడిగారు హనుమాయమ్మగారు.

"ఉండనీ. ఉన్నదేదో ఉంది."

ఆనాటి నుంచి ఆయన ఎవరికీ ఒక్క వాక్యం రాసివ్వలేదు. మే, జూన్ నెలల్లో బస్టాండు ఎదురు సందులోకి వచ్చి, జోజిబాబు ఖాళీ చేసిన గది మెట్ల మీద, తుడవకుండానే, కూర్చుంటారు. దరఖాస్తు చేసుకునే పిల్లలకు విశ్వవిద్యాలయాల వివరాల పుస్తకాలు మొదటి పేజీ నుంచీ తెలుగులో చదివి వినిపిస్తారు. లేఖ సంగతి వస్తే, మీరే రాసుకుని బల్ల మీద పెట్టండి, అంటారు. సందు ఇప్పటికీ అలాగే కంపు కొడుతుంది. ఆ మనుషులన్నా, ఆ ఉమ్ములన్నా, తన చేతి వేళ్ళన్నా ఆయనకున్న రోత తగ్గిందని చెప్పడానికి లేదు.

ఈ జూన్‌లో ఒక ఉదయం, బయలుదేరబోతూ చెప్పులు తొడుక్కుంటుంటే, హాలు గోడమీద సన్నటి ఎర్రని బారు కనిపించింది. చీమలు వీధి గుమ్మం నుంచి పైకి ఎక్కుతున్నాయి. మూడు అక్షరాలను మోసుకుంటూ ఫ్రేము అంచు దాటి, అద్దం కిందికి దూరి, 'దారి చూపినవారు' అన్న ఇరవయ్యో పంక్తి ఉండిన చోట వాటిని దించి వెళ్ళిపోయాయి.

చదివి.

వీరరాఘవయ్యగారు ముక్కు చిట్లించి చూశారు. చేతిరుమాలు జేబులోంచి తీశారు. కాసేపు చేతిలోనే పట్టుకుని, మళ్ళీ జేబులో పెట్టుకుని, బస్టాండు వైపు నడిచారు.